మావాడి మాటల కోసం తిరిగిన తిరుగుడు

రిపోర్టు నిన్న సాయంత్రం చేతికొచ్చింది. వినికిడి బాగుంది, అర్థం చేసుకోవడం వయసుకు తగ్గట్టే ఉంది, మాటలు మాత్రం కాస్త వెనకబడ్డాయి. ఈ మూడు ముక్కల కోసం మమ్మల్ని ఎంత ఏడిపించారో, ఆ మంట చల్లారకముందే రాసి పెడుతున్నా.

మా ఇంట్లో పిల్లల ఎదుగుదలకి లెక్క పిండివంటలే. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. మావాడు 32 వారాలకే పుట్టి ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, ఉండి వచ్చాడు. బొబ్బట్లు ఆలస్యంగానైనా వండాం. అరిసెల దగ్గర ఎదురింటావిడ "ఇంకా నడవలేదా?" అని పని పెట్టుకుని మరీ అడిగేది. మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లల్ని గమనించి డబ్ల్యూహెచ్‌ఓ 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం, సాయం లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావొచ్చు. ఆవిడకి ఇది చెప్తే "ఏమోనమ్మా, మా మనవడు పదో నెలకే పరిగెత్తాడు" అంది.

22 నెలలు వచ్చినా చిలకలు పంచే యోగం పట్టలేదు. "అమ్మ", "తాత", కుక్క కనబడితే "బౌ". అంతే. అత్తయ్య వసకొమ్ము అరగదీసి నాకించమంది. మా ఆయన మేనమామ నాలుగేళ్ళకి గానీ నోరు విప్పలేదని ధైర్యం కూడా చెప్పింది. పిల్లల డాక్టరుగారు మాత్రం, ముందు చెవులు చూపించి రండన్నారు.

లోపలి చెవి శబ్దానికి స్పందిస్తోందో లేదో చూసే ఓఏఈ పరీక్ష చిటికెలో అయిపోయింది. ఎన్ఐసీయూలో ఉన్న పిల్లలకి అదొక్కటే చాలదట, చెవిలో పడ్డ శబ్దం నరం గుండా లోపలికి చేరుతోందో లేదో చూసే బెరా కూడా చెయ్యాలట. దానికి పిల్లాడు కదలకుండా నిద్రపోవాలి. ముందురోజు రాత్రి వంతులేసుకుని వాణ్ణి మేలుకోబెట్టి, దార్లో కునుకు తియ్యకుండా ఆటోలో చప్పట్లు కొడుతూ తీసుకెళ్ళాం. అదీ గట్టెక్కింది.

అసలు కథ విజయవాడలో ఒక ప్రైవేటు చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్లో. పదకొండింటికి రమ్మని, లోపలికి పిలిచేసరికి ఒంటిగంట దాటింది. అది వాడు అన్నం తిని పడుకునే వేళ. లోపలున్న అమ్మాయి తలెత్తకుండా ఫారం నింపడం మొదలెట్టింది.

"మదర్ వర్కింగా?"

"అవునండీ, బ్యాంకులో."

"ఫోన్ ఎంతసేపు ఇస్తారు?"

"ఇవ్వమండీ. వాడి తాతగారు వార్తలు పెడితే టీవీ చూస్తాడు."

ఆవిడ పెన్ను ఆగింది. "అందరూ ఇలాగే చెప్తారు" అని ఏదో రాసుకుంది. రెండేళ్ళు నిండనివాళ్ళకి తెర వద్దని డబ్ల్యూహెచ్‌ఓ 2019లో చెప్పిన సంగతి నాకూ తెలుసు. నా పక్కనే కూర్చున్న మా ఆయన్ని మాత్రం ఆయనేం ఉద్యోగం చేస్తారో, పిల్లాడితో ఎంతసేపు గడుపుతారో ఒక్క ముక్క అడగలేదు. మాటలు రాకపోతే ముద్దాయి తల్లే అన్నమాట!

తర్వాత నాలుగు చెక్క దిమ్మలు ముందుపెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చమంది. ఇంట్లో గిన్నెలూ డబ్బాలూ వాడి నడుమంత ఎత్తు పేర్చేవాడు, ఆకలికి ఒక దిమ్మ నోట్లో పెట్టుకుని రెండోది విసిరేశాడు. "మాట వినడు" అని రాసింది. వీడు రెండు నెలలు ముందే పుట్టాడండీ అని చెప్పబోతే, "అడిగినవి చెప్పండి చాలు" అంది. ఆ గదిలో మరో తల్లి కూడా ఉంది, తన పిల్లతో. నాకు తల కొట్టేసినట్టయింది. చివరికి "చాలా వెనకబడి ఉన్నాడు, ఆర్నెల్ల థెరపీ ప్యాకేజీ తీసుకోండి, ఇవాళే కడితే డిస్కౌంటు" అని రసీదు పుస్తకం తీశారు. మా ఆయన భయపడి అడ్వాన్సు కట్టేశారు.

జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ ఉందని, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా కనిపెట్టి సాయం చేసే సర్కారు కేంద్రం ఉందని, చెప్పింది మా వీధి అంగన్‌వాడీ టీచరు. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అక్కడ పైసా తీసుకోరు. ఓపీ చీటీకి పొద్దున్నే వెళ్ళి నిలబడాలి, ఫ్యాను తిరగదు, అయినా అక్కడి స్పీచ్ థెరపిస్టు అడిగిన మొదటి మాట "నెలలు నిండి పుట్టాడామ్మా?" అని. ముందు పుట్టిన వారాలు తీసేసే రెండేళ్ళ దాకా వయసు లెక్కెయ్యాలట. అలా చూస్తే మావాడికి 20 నెలలే! ఫోన్లో ఉన్న వీడియోలన్నీ ఓపిగ్గా చూశారు. "నాన్న చెప్పులు తీసుకురా" అంటే వెళ్ళి తెస్తాడా, కావాల్సింది వేలు పెట్టి చూపిస్తాడా అని అడిగారు. రెండూ చేస్తాడు. మాటల సంఖ్య కన్నా ముందు చూసేది అదేనట. ఇంట్లో ఏం చెయ్యాలో మా ఇద్దరినీ కూర్చోబెట్టి నేర్పారు. నీళ్ళ గ్లాసు ఎదురుగా పట్టుకుని "నీళ్ళు" అని, వెంటనే ఇచ్చెయ్యకుండా వాడు ఏదో ఒక శబ్దం చేసేదాకా ఆగమన్నారు.

మీరెవరైనా ఇలాంటి పరీక్షకి వెళ్తే, పిల్లాడు తిని పడుకుని లేచాక వెళ్ళండి. ఇంట్లో చేసే పనులు వీడియో తీసి పెట్టుకోండి. నెలలు నిండకుండా పుడితే డిశ్చార్జ్ సమ్మరీ ముందే బల్ల మీద పెట్టండి, వాళ్ళు అడిగినా అడక్కపోయినా. ప్యాకేజీ పేరెత్తితే రిపోర్టు కాపీ తీసుకుని లేచి వచ్చెయ్యండి.

మా అడ్వాన్సు ఇంకా తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే అకౌంట్స్ వాళ్ళు సెలవు అంటున్నారు, వాట్సాప్‌లో మాత్రం పండగ ఆఫర్లు రోజూ వస్తున్నాయి.