ఒకే ప్రయాణంలో రెండు టోల్ చట్టాలు

టెక్సస్‌లో ఆస్టిన్ పక్కనున్న లియాండర్ నుంచి రౌండ్ రాక్‌లో ఆఫీసుకి వెళ్ళడానికి నేను ముందు 183ఏ టోల్ రోడ్డు ఎక్కుతాను. సీడార్ పార్క్ దాటాక స్టేట్ హైవే 45 మీదికి మళ్ళుతాను. ఒక రోడ్డు ఎక్కడ అయిపోయి రెండోది ఎక్కడ మొదలైందో కారులో కూర్చున్నవాడికి తెలియదు. గేటు ఉండదు, డబ్బు తీసుకునే మనిషి ఉండడు. తల మీద కమాను, దానికి కెమెరాలు, అంతే. కారుకి టోల్ ట్యాగ్ ఉంటే దాని ఖాతాలోంచి డబ్బు పోతుంది, లేకపోతే నంబర్ ప్లేటు ఫోటో తీసి బిల్లు ఇంటికి పంపుతారు.

కానీ 183ఏ సెంట్రల్ టెక్సస్ రీజనల్ మొబిలిటీ అథారిటీ అనే ప్రాంతీయ రోడ్ల సంస్థది. 45 రాష్ట్ర రవాణా శాఖది. బిల్లు సకాలంలో కట్టకపోతే ఈ రెండు రోడ్ల మీద వర్తించే చట్టం ఒకటి కాదు. రాష్ట్రం నడిపే టోల్ రోడ్ల మీద ఆలస్య రుసుము ఇన్‌వాయిస్‌కి 6 డాలర్లు దాటకూడదు, 12 నెలల్లో మొత్తం 48 డాలర్లు మించకూడదు. 2017లో టెక్సస్ శాసనసభ పెట్టిన హద్దు ఇది. ప్రాంతీయ అథారిటీలకీ, కౌంటీల టోల్ సంస్థలకీ ఈ హద్దు లేదు. డల్లాస్ వైపు ఫ్రిస్కో, ప్లేనోల్లో మనవాళ్ళు రోజూ తిరిగే టోల్‌వేలు ఎక్కువగా అలాంటి ప్రాంతీయ సంస్థవే.

ఈ తేడా ఎందుకొచ్చిందో చట్టం వెతుక్కుని చదివాక అర్థమైంది. ఇక్కడ ప్రతి రాష్ట్ర శాఖనీ కొన్నేళ్ళకోసారి మొత్తం విప్పి చూస్తారు. దాన్ని సన్‌సెట్ సమీక్ష అంటారు. 2017లో రవాణా శాఖ వంతు వచ్చింది. అప్పటికి శాఖ బిల్లింగ్ మీద జనంలో విపరీతమైన కోపం ఉంది. ఆ కోపం సమీక్ష కోసం సభలో పెట్టిన చట్టం ముసాయిదాలోకి ఎక్కి హద్దుగా మారింది. ఆ ముసాయిదా రవాణా శాఖ గురించి కాబట్టి హద్దు కూడా ఆ శాఖకే పరిమితమైంది. అథారిటీలకి చట్టంలో వేరే అధ్యాయాలున్నాయి, వాటి జోలికి ఎవరూ పోలేదు.

అథారిటీల వాదన కూడా నాకు తెలుసు. బాండ్లు అమ్మి రోడ్డు వేశారు, టోలు రాకపోతే ఆ అప్పు తీరదు, ఎగవేసేవాళ్ళకి భయం ఉండాలి అంటారు. అందులో న్యాయం ఉంది. రోడ్లకి డబ్బిచ్చే రాష్ట్ర పెట్రోలు పన్ను గ్యాలన్‌కి 1991 నుంచి 20 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. 2014లో చమురు, గ్యాస్ పన్నులోంచి, 2015లో అమ్మకం పన్నులోంచి హైవేలకి డబ్బు మళ్ళించడానికి ఓటర్లు రాజ్యాంగాన్నే సవరించారు. కానీ ఆ డబ్బు టోల్ రోడ్లకి వాడకూడదని అందులోనే రాసుకున్నారు. పెట్రోలు కొనని ఎలక్ట్రిక్ కార్లకి 2023 సెప్టెంబరు నుంచి ఏటా 200 డాలర్లు అదనం. కొత్త కారైతే మొదటి రెండేళ్ళకి కలిపి 400. మా ఇంట్లో ఒకటుంది, ఆ డబ్బు కట్టడానికి నాకేమీ బాధ లేదు. రోడ్డు వాడుకుంటున్నాం, కట్టాలి. నా అభ్యంతరమల్లా టోలు కంటే దాని మీద పెరిగే ఫీజు పెద్దదవడం మీదే.

మా బావమరిది సంగతి చెప్తాను. ఊరు, సంస్థ పేరు చెప్పను. ఎం.ఎస్. అయ్యి ఉద్యోగం రాగానే సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు, ఆర్నెల్లకి అపార్ట్‌మెంట్ మారాడు. ట్యాగ్‌కి కట్టిన కార్డు గడువు ముగిసి ఖాతా ఖాళీ అయింది, కమానులు మాత్రం ఫోటోలు తీస్తూనే ఉన్నాయి. బిల్లులన్నీ పాత ఇంటికి పోయాయి. మొదటి కాగితం చేతికి వచ్చేసరికే అది బాకీలు వసూలు చేసే కలెక్షన్ ఏజెన్సీ నుంచి. అసలు టోలు 70 డాలర్లు కూడా లేదు, మొత్తం దానికి మూడింతలు దాటింది.

ఫోన్లో గొంతు వణుకుతోంది వాడికి. "బావా, లైసెన్స్ మీద అడ్రస్ వారంలోనే మార్చాను కదా! ఇంకేం చెయ్యాలి?" అన్నాడు. వీసా మీద ఉన్న పిల్లాడు. ఇది కేసు అవుతుందేమో, వీసా స్టాంపింగ్‌లో అడుగుతారేమో అని వాడి టెన్షన్. ఆ వారం వాడు సరిగ్గా నిద్ర కూడా పోలేదు.

ఇక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు. లైసెన్స్ ఇచ్చేది పబ్లిక్ సేఫ్టీ శాఖ. కారు రిజిస్ట్రేషన్ చూసేది మోటారు వాహనాల శాఖ. మీరు లైసెన్స్ మీద చిరునామా మార్చినా రెండోచోట మారదు. టోల్ బిల్లు వచ్చేది ఆ రెండోచోట ఉన్న చిరునామాకే. కాబట్టి ఇల్లు మారితే మూడు చోట్ల మార్చండి: లైసెన్స్, రిజిస్ట్రేషన్, ట్యాగ్ ఖాతా. ఇండియాకి తిరిగి వెళ్తూ వాట్సాప్ గ్రూపులో కారు అమ్మేవాళ్ళు ఇంకో పని చెయ్యాలి. ప్లేట్లు విప్పుకుని, అమ్మిన 30 రోజుల్లోపు వాహన బదిలీ నోటీసు ఆన్‌లైన్లో పెట్టండి. అది పెట్టకపోతే కొన్నవాడు తిరిగిన టోలు మీ పేరు మీద పడుతుంది.

ఇంకో చట్టం 2013 నాటిది. ఏడాదిలో 100 టోళ్ళు కట్టకుండా ఉండి, రెండు నోటీసులు కూడా అందాక కట్టకపోతే అలవాటుగా ఎగవేసేవారి జాబితాలో చేర్చవచ్చు. అప్పుడు కౌంటీలో రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆపెయ్యవచ్చు, ఆ రోడ్ల మీదికి కారు రాకుండా నిషేధించవచ్చు. వంద అంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ లెక్క ఒక్కో కమానుకి. పోతూ రెండు, వస్తూ రెండు దాటితే 25 పనిదినాల్లో వంద అయిపోతాయి. అంటే ఆఫీసుకి వెళ్ళొచ్చే మామూలు ఉద్యోగి నెల పైన కొద్ది రోజుల్లో ఎగవేతదారు లెక్కలోకి వచ్చెయ్యగలడు. నిజంగా ఎగ్గొట్టేవాళ్ళు దొంగ పేపర్ ప్లేట్లతో తిరిగేవారు, వాళ్ళకి బిల్లు పంపడానికి చిరునామాయే ఉండదు. డీలర్లిచ్చే ఆ పేపర్ ప్లేట్లని 2025 జూలై నుంచి ఎత్తేసి లోహపు ప్లేట్లు పెట్టారు. ఈ మధ్య వచ్చిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

    

టెక్సస్ శాసనసభ మామూలు సమావేశాలకి బేసి సంవత్సరాల్లోనే, 140 రోజులు మాత్రమే కూర్చుంటుంది. మళ్ళీ కూర్చునేది 2027 జనవరి 12న. చట్టాల బిల్లులు ముందుగా దాఖలు చెయ్యడం 2026 నవంబరు ఎన్నికల తర్వాతి సోమవారం మొదలవుతుంది. అది తప్పితే 2029 దాకా ఆగాలి. రవాణా శాఖకి పెట్టిన 6 డాలర్లు, 48 డాలర్ల హద్దు ప్రతి టోల్ సంస్థకీ పెట్టమని మా ప్రతినిధికి ఉత్తరం రాస్తున్నాను. కలెక్షన్‌కి పంపేముందు ఫోన్‌కో ఈమెయిల్‌కో కూడా సమాచారం ఇవ్వాలని దానితో పాటే అడుగుతున్నాను.

ఓటు లేదు కదా, మన మాట ఎవరు వింటారు అని మనవాళ్ళు అంటుంటారు. ఆస్టిన్ క్యాపిటల్ వెనక భూమి కింద కట్టిన భవనంలో కమిటీ గదులుంటాయి, అక్కడ టచ్ స్క్రీన్లు పెట్టారు. పేరు, ఊరు, బిల్లు నంబరు కొట్టి అనుకూలమా, వ్యతిరేకమా నొక్కితే చాలు. మాట్లాడాలనుకుంటే కమిటీ ముందు మాట్లాడొచ్చు, లేదంటే అభిప్రాయం నమోదు చేసి వచ్చెయ్యొచ్చు. ప్రతినిధుల సభ కమిటీలకి ఇంట్లోంచే ఆన్‌లైన్లో వ్యాఖ్య పంపొచ్చు, దానికి టెక్సస్ నివాసి అయితే చాలు. హెచ్1బీ అయినా, విద్యార్థి అయినా పంపొచ్చు.

మీ పాత టోల్ బిల్లులు పారెయ్యకండి. అసలు టోలు ఎంత, ఫీజులు ఎంత, మొదటి కాగితం ఏ తేదీన చేతికొచ్చింది, ఈ మూడూ రాసి పెట్టుకోండి. కమిటీ సభ్యులు అడిగేది ఆ అంకెలే. విచారణ తేదీ ఖరారు కాగానే ఇక్కడే పెడతాను. లియాండర్, సీడార్ పార్క్ వాళ్ళెవరైనా వస్తానంటే నా కారులో నలుగురికి చోటుంది.