బ్యారేజీ మీద పరుగు: పది వారాల లెక్క

దారి: ప్రకాశం బ్యారేజీ, విజయవాడ వైపు నుంచి సీతానగరం దాకా, మళ్లీ వెనక్కి. బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు కాబట్టి రానూపోనూ దాదాపు రెండున్నర కిలోమీటర్లు. తెల్లవారుజాము 5 గంటలకు, వారానికి మూడు రోజులు.

1, 2 వారాలు: నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, 8 సార్లు. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగమే. తొడలు మర్నాటికి పట్టేశాయి, ఆ పై రోజు ఇంకా ఎక్కువ. చాలామంది అనుకునేట్టు తప్పు లాక్టిక్ ఆమ్లానిది కాదు, పరుగులో కండలో పుట్టే ఆ ఆమ్లం గంటలోపే సర్దుకుంటుంది. కండలో పడ్డ సన్నటి చిరుగుల నొప్పి ఇది.

3వ వారం: అదే వేగానికి నాడి తగ్గింది. గుండె అప్పుడే పెరిగిపోలేదు. రక్తంలో ప్లాస్మా, అంటే నీటి భాగం పెరిగి, గుండె కొట్టుకునే ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం వెళ్తోంది. చెమట ముందుగానే పడుతోంది, ఉప్పు తగ్గింది. నల్ల బనీను ఆరాక వీపు మీద కట్టే తెల్లచారలు పలచబడ్డాయి.

4 నుంచి 7: అసలు చిక్కంతా ఇక్కడే. ఆయాసం లేదు కదా అని పరుగు ఒక్కసారిగా 3 నిమిషాల నుంచి 8కి పెంచితే, మోకాలి కింద ఎముక లోపలి అంచు సలుపుతుంది. బరువు పడ్డ ఎముక ముందు పాత భాగాన్ని కరిగించుకుంటుంది, దానికి మూడు వారాలు. కొత్తది నిండడానికి మూడు నెలల దాకా. ఊపిరి సిద్ధమైన రోజుల్లోనే ఎముక కాస్త బలహీనంగా ఉంటుందన్నమాట. అందుకే పెంపు వారానికి నిమిషం మాత్రమే.

నొప్పి వస్తే వేలితో నొక్కి చూడాలి. జానెడు పొడవునా ఉంటే పరుగు మానేసి వారం నడక. రూపాయి బిళ్లంత చోటే గుచ్చుతూ, పడుకున్నా సలుపుతుంటే ఎముకల డాక్టరు దగ్గరికే. సన్నటి పగులైతే మొదటి రెండు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎక్స్‌రే బాగుందని పరుగెత్తకూడదు.

పరుగు లేని రోజు మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమలు మూడు సెకన్లలో కిందికి దించాలి. 15 చొప్పున మూడు విడతలు. పిక్కను మడమకు కలిపే స్నాయువు గట్టిపడటం నెలల పని, తొందర పడదు.

8 నుంచి 10: ఆగకుండా 8 నిమిషాలు, రెండు విడతలు.

పెళ్లికో పండక్కో రెండు వారాలు ఆగితే ముందు పోయేది ప్లాస్మా. తిరిగొచ్చాక రెండు వారాల వెనకటి లెక్కనుంచే మొదలు.