చీల్చడమే కాదు, బిగించడమూ రక్షణే

మన దేహం తయారుచేసుకునే రక్షక పెప్టైడ్ల (అమైనో ఆమ్లాల చిన్న గొలుసుల) గురించి రాసేవారు చాలామంది అవి సూక్ష్మజీవుల పొరకు చిల్లులు పొడిచి చంపుతాయని చెప్పి ఊరుకుంటారు. బ్యాక్టీరియా విషయంలో ఈ మాటకు గట్టి ఆధారమే ఉంది గానీ, వైరస్‌ల దగ్గరికి వచ్చేసరికి అది చాలదని నా అభిప్రాయం.

కాథెలిసిడిన్లనే రక్షక పెప్టైడ్ల కుటుంబంలో మనుషుల్లో ఉన్నది ఒక్కటే: ఎల్‌ఎల్-37. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు దాచి ఉంచుకునే ఒక పెద్ద ప్రోటీన్‌ను ప్రోటీనేజ్-3 అనే ఎంజైము కోసినప్పుడు, 37 అమైనో ఆమ్లాల ఈ ముక్క విడివడుతుంది. దీనిది ధనావేశం. బ్యాక్టీరియా పొరలో రుణావేశపు కొవ్వులు ఎక్కువ కాగా, మన కణాల పైపొరలో తటస్థమైన కొవ్వులూ కొలెస్టరాలూ ఉంటాయి కనుక, పెప్టైడ్ ముందుగా బ్యాక్టీరియానే అంటుకుంటుంది.

ఇన్‌ఫ్లుయెంజా వంటి వైరస్‌లు తమ కవచాన్ని మన కణాల పొర నుంచే తీసుకుంటాయి కాబట్టి అక్కడ ఈ తేడా అంత స్పష్టంగా ఉండదు. అయినా ఎల్‌ఎల్-37 వాటి మీదా పనిచేస్తుంది. అడినోవైరస్‌కూ పాపిల్లోమా వైరస్‌కూ అసలు కొవ్వు కవచమే లేదు. చిన్నపేగులోని పానెత్ కణాలు స్రవించే హెచ్‌డీ-5 అనే డిఫెన్సిన్ (మరో కుటుంబపు రక్షక పెప్టైడ్) ఈ వైరస్‌ల ప్రోటీన్ తొడుగును పగలగొట్టదు సరికదా, దానికి అంటుకుని మరింత బిగిస్తుంది. ఫలితంగా అడినోవైరస్ కణంలోకి ప్రవేశించినా తొడుగు విప్పుకోలేక, తనను లోపలికి తెచ్చిన పొరసంచి అయిన ఎండోసోమ్‌లోనే చిక్కుకుపోతుంది, దాని డీఎన్‌ఏ కేంద్రకానికి చేరదు. విచిత్రమేమంటే, కొన్ని రకాల అడినోవైరస్‌ల విషయంలో ఇదే పెప్టైడ్ అవి కణాలకు అతుక్కోవడానికి తోడ్పడి, సంక్రమణను పెంచుతుంది. దాని తోబుట్టువైన హెచ్‌డీ-6 అయితే బ్యాక్టీరియాను పెద్దగా చంపదు. సన్నని వలలల్లి వాటిని బంధిస్తుంది.

పరీక్షనాళికలో కనిపించిన బలమంతా దేహంలోనూ ఉంటుందనుకోకూడదు, ఎందుకంటే రక్తరసమూ లవణాలూ ఈ పెప్టైడ్లలో చాలావాటి చంపే శక్తిని తగ్గిస్తాయి. సోరియాసిస్‌లో ఎల్‌ఎల్-37 మన సొంత డీఎన్‌ఏతోనే జట్టుకట్టి వాపును రగిలిస్తుంది కూడా. అయినా దేహంలో దీని అవసరం తక్కువేమీ కాదనడానికి, పుట్టుకతోనే న్యూట్రోఫిల్స్ చాలా తక్కువగా ఉండే కోస్ట్‌మన్ వ్యాధి మీద 2002లో వెలువడిన పరిశీలన ఒక ఆధారం: మందులతో న్యూట్రోఫిల్స్ సంఖ్య పెరిగిన తరువాత కూడా ఆ రోగుల్లో ఈ పెప్టైడ్ లోపించింది, తీవ్రమైన చిగుళ్ల వ్యాధి వారిని వదలలేదు.