కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350: విప్పిన ఇంజిన్ మళ్లీ మోగేదాకా

ఈ విడత పనంతా ఇంజిన్‌దే. ఫ్రేము, మడ్‌గార్డులు పెయింటుకు వెళ్లాయి, చక్రాలకు కొత్త స్పోకులు పడ్డాయి. వాటి సంగతి తర్వాత. బండి 6 వోల్టుల పాత బుల్లెట్ 350. బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ., 346 సీసీ, ఇనుప బ్యారెల్, పుష్‌రాడ్లు, ఇంజిన్ వెనక విడిగా బిగించే నాలుగు గేర్ల ఆల్బియన్ బాక్సు. కొత్తగా కూర్చిన ఈ ఇంజిన్లకు స్పార్కు లేకపోతే పోయేదేమీ లేదు, స్టార్ట్ అవదు అంతే. ఆయిలు అందకపోతే మాత్రం చక్కగా స్టార్ట్ అయి, చక్కగా మోగి, మొదటి పది కిలోమీటర్లలోనే బిగ్ ఎండ్ (పిస్టన్ రాడ్డు కింది కీలు) పోతుంది. అందుకే ఈ రాతలో ఆయిలుకే ఎక్కువ చోటు.

విప్పేటప్పుడు

పాత బుల్లెట్లో బోల్టులన్నీ ఒకే జాతివి కావు. బ్రిటిష్ మరలున్న అసలు బోల్టుల మధ్య తర్వాతెవరో దూర్చిన మెట్రిక్ బోల్టులు ఉంటాయి. మెట్రిక్ బోల్టు బ్రిటిష్ రంధ్రంలోకి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, ఆ తర్వాత అల్యూమినియం మరను తినేస్తుంది. విప్పిన ప్రతి బోల్టునీ అది వచ్చిన చోటు పేరు రాసిన కవర్లో వేసుకోవాలి. బోల్టు గట్టిగా వస్తోందంటే బలం పెంచడం కాదు, వేడి పెట్టి నూనె వదలాలి.

టైమింగ్ కవరు (టైమింగ్ గేర్ల మూత) తీశాక క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర కనిపించే వర్మ్ నట్టుది ఎడమ మర. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మామూలు నట్టు అనుకుని పానాకు పైపు తొడిగి లాగితే దాని పళ్లు పోతాయి. రెండు ఆయిల్ పంపుల్నీ తిప్పేది ఆ పళ్లే. 

డ్రెయిన్ ప్లగ్గులు తీసినప్పుడు వచ్చిన ఆయిలును పారబోయకుండా తెల్లటి ట్రేలో పట్టాలి. అడుగున నల్లటి బురద ఉంటే అది వయసు. మెరిసే రజను ఉంటే మాత్రం ఎక్కడో బుష్‌గానీ బేరింగ్‌గానీ అరుగుతోందని అర్థం. అప్పుడు క్రాంకు విప్పకుండా పైపై పని చేసి మూసేయడం దండగ.

క్రాంకు

ఈ ఇంజిన్లో బిగ్ ఎండ్‌కు రోలర్లు లేవు. క్రాంకు పిన్నుకూ కనెక్టింగ్ రాడ్డుకూ మధ్య వదులుగా తిరిగే ఫ్లోటింగ్ బుష్ ఉంటుంది. బుష్ లోపలా బయటా రెండు వైపులా ఆయిలు పొర నిలవాలి. ఆయిలు ఆరిన ఇంజిన్లో రాడ్డు పట్టుకుని పక్కలకు ఊపితే కాస్త ఊగుతుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. క్రాంకు పిన్నును పైకి తెచ్చి, రాడ్డును నిలువునా పైకీ కిందికీ లాగి నొక్కినప్పుడు టక్కుమంటే అదే అరుగుదల. ఈ బండికి ఆ టక్కు ఉంది, కాబట్టి పిన్ను, బుష్ రెండూ మారాయి.

మళ్లీ నొక్కి బిగించిన క్రాంకును సెంటర్ల మధ్య పెట్టి రెండు చివర్లలో డయల్ గేజి (సన్నటి కదలికను కొలిచే ముల్లు మీటరు) చూడాలి. 0.05 మి.మీ. కన్నా ఎక్కువ ఊగితే వెనక్కి పంపడమే. అంతకు మించిన వంకర ఉన్న క్రాంకుతో బండి నడుస్తుంది గానీ హ్యాండిల్ వణుకు తగ్గదు, మెయిన్ బేరింగులు త్వరగా అరుగుతాయి.

బ్యారెల్, పిస్టన్

బోరును పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిశల్లో కొలిచాం. రింగులు తిరగబడే పై అంచు దగ్గరే అరుగుదల ఎక్కువ, ఎప్పుడూ అంతే. గీతలు లోతుగా ఉండటంతో 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే సుమారు అర మి.మీ., ఓవర్‌సైజుకు వెళ్లాల్సి వచ్చింది. బోరింగుకు బ్యారెల్ ఒక్కటే ఇవ్వకూడదు. పిస్టన్ కూడా ఇచ్చి, దాని స్కర్టు కింది భాగాన్ని పిన్నుకు అడ్డంగా కొలిచి, పిస్టన్ తయారీదారు చెప్పిన గ్యాపు వచ్చేలా తీయమనాలి. నీళ్లతో చల్లబడే కారు ఇంజిన్లకు అలవాటు పడిన చేతులు బిగుతుగా తీస్తాయి. గాలికి చల్లబడే ఇనుప బ్యారెల్‌లో ఆ బిగుతు పనికిరాదు, ఎండలో మొదటి ఎత్తు ఎక్కేసరికి పిస్టన్ పట్టేస్తుంది.

రింగును బోరులో పెట్టి పిస్టన్‌తోనే నిటారుగా కిందికి నెట్టి, ఫీలర్ గేజితో చివర్ల మధ్య సందు చూడాలి. 70 మి.మీ. బోరుకు 0.3 మి.మీ. దగ్గర ఉంటే చాలు. తక్కువైతే సన్నటి ఆకురాయితో ఒక్క చివరే రుద్దాలి. సందు మరీ తక్కువ ఉంటే వేడికి రింగు చివరలు ఒకదాన్నొకటి నెట్టుకుని గోడను గీకేస్తాయి.

బోరింగ్ నుంచి వచ్చిన బ్యారెల్‌ను పెట్రోలుతో కడిగి సరిపెట్టడం చాలామంది చేసే పని. పెట్రోలు నూనెను కడుగుతుంది, హోనింగ్ రాయి రజను మాత్రం గీతల్లోనే ఉండిపోతుంది. వేడి నీళ్లు, బట్టల సబ్బు, గట్టి బ్రష్. తెల్ల గుడ్డతో తుడిస్తే బూడిద రంగు అంటనంత వరకూ. ఆరిన వెంటనే ఆయిలు రాయాలి, ఆలస్యమైతే కళ్ల ముందే తుప్పు పొర వస్తుంది.

గడ్జన్ పిన్నును (పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను) సుత్తితో కొట్టొద్దు. పిస్టన్‌ను మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, తుడిచి, నూనె రాస్తే పిన్ను వేలితోనే దూరుతుంది. సర్‌క్లిప్పులు కొత్తవే వేయాలి. అవి వేసేటప్పుడు క్రాంక్‌కేసు నోటికి గుడ్డ కుక్కడం తప్పనిసరి, క్లిప్పు లోపల పడితే మళ్లీ మొదటికి వస్తుంది పని.

హెడ్డు

వాల్వులు గ్రైండింగ్ పేస్టుతో రుద్దాక, హెడ్డును తిరగేసి పోర్టులో పెట్రోలు పోసి పావుగంట ఆగాం. వాల్వు అంచున తడి కనిపించకూడదు. ఇదే పరీక్ష డీకంప్రెషర్ వాల్వుకూ (కిక్కు తేలికయ్యేలా సిలిండర్ ఒత్తిడి వదిలేది) చేయాలి, దాన్ని అందరూ మర్చిపోతారు. కంప్రెషన్ లేదని రింగులు మార్చిన బుల్లెట్లలో కొన్నింటికి అసలు జబ్బు డీకంప్రెషర్ సీటులో ఇరుక్కున్న మసి, లేదా దాని కేబుల్ బిగుతు. కేబుల్‌కు కొద్దిగా వదులు తప్పక ఉండాలి.

ఆయిలు దారి

క్రాంక్‌కేసులోనే వెనక భాగాన ఉన్న ఆయిలు గదిలోంచి ఫీడ్ పంపు లాగిన ఆయిలు ఫిల్టరు గుండా వెళ్లి, టైమింగ్ కవరులోంచి క్రాంకు చివర్లోకి దూరి బిగ్ ఎండ్ చేరుతుంది. అక్కణ్ణుంచి చిమ్మి బ్యారెల్ గోడల్ని తడిపి కిందపడిన దాన్ని రిటర్న్ పంపు ఎత్తుతుంది; అందులో కొంత బయటి సన్న పైపుల్లోంచి రాకర్లకు పోతుంది, మిగిలింది గదికి చేరుతుంది. ఈ దారిలో చెడే చోట్లు నాలుగు.

మొదటిది పంపు డిస్కులు. స్ప్రింగు ఒత్తిడితో సీటు మీద అతుక్కుని తిరిగే ఈ బిళ్లల మీద గీతలుంటే పంపు పీల్చదు, పైగా బండి నిలబడి ఉన్నప్పుడు ఆయిలు నెమ్మదిగా క్రాంక్‌కేసులోకి జారిపోతుంది. చాలా సన్నటి పేస్టుతో ఎనిమిది అంకె గీసినట్టు రుద్దితే మొత్తం అంచు ఒకే మసక రంగులోకి వస్తుంది. ఆ తర్వాత పేస్టు రవ్వ కూడా మిగలకుండా కడగాలి.

రెండోది క్రాంకు చివర టైమింగ్ కవరులో దూరే చోట ఉండే సీలు. అది గట్టిపడితే పంపు నెట్టిన ఆయిలు బిగ్ ఎండ్‌కు చేరకుండా టైమింగ్ గదిలోకే కారిపోతుంది. బయటికి చుక్క కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చవక సామాను, బాగుందనిపించినా మార్చేయాలి.

మూడోది సిలికాన్. క్రాంక్‌కేసు అతికేటప్పుడు ట్యూబు పిసికి దట్టంగా పూస్తే లోపలికి పొంగిన ముద్ద ఊడి ఆయిలు రంధ్రాల్ని మూసేస్తుంది. అతుకు ముఖాలు చదునుగా ఉంటే పల్చటి పూత చాలు. ముఖాలు చదునుగా లేనప్పుడు ఎంత పూసినా కారుతుంది.

నాలుగోది ఖాళీ ఫిల్టరు గది. కొత్త ఫెల్ట్ ఫిల్టరు పెట్టి మూసేసి స్టార్ట్ చేస్తే, ఆ గది నిండేదాకా బిగ్ ఎండ్‌కు చుక్క పోదు. నెమ్మదిగా తిరిగే పంపుకు దాన్ని నింపడానికి నిమిషాలు పడుతుంది. ఫిల్టరును ఆయిల్లో నానబెట్టి, గదిని నింపి, అప్పుడు మూతపెట్టాలి.

కూర్పులో మిగిలినవి

టైమింగ్ గేర్లకు పిస్టన్ పైన ఉండగా గుర్తులు కలిపి, క్రాంకును కొన్ని చుట్లు చేత్తో తిప్పి ఏదీ తగలడం లేదని చూసుకుంటే సరి. హెడ్డు నట్లను ఎదురెదురు జతలుగా మూడు విడతల్లో బిగించాం. ట్యాపెట్లకు ఫీలర్ గేజి పెట్టే పని లేదు: ఇంజిన్ చల్లగా, పిస్టన్ కంప్రెషన్ మీద పై చివర ఉన్నప్పుడు పుష్‌రాడ్డు వేళ్లతో తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. బిగుతు వైపు పొరపాటు పడితే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది; కాస్త వదులైతే చప్పుడు తప్ప నష్టం లేదు.

ప్రైమరీ చైను (ఇంజిన్ నుంచి క్లచ్‌కు వెళ్లేది) పై వరస మధ్యలో ఆరు మి.మీ. ఆడితే సరిపోతుంది. చైను ఎక్కడో ఒకచోట బిగుసుకుంటుంది కాబట్టి చక్రం తిప్పుతూ బిగుతైన చోటే కొలవాలి. చైన్‌కేసులో ఆయిలు లెవెల్ ప్లగ్గు దాకా మాత్రమే, ఎక్కువైతే క్లచ్ జారుతుంది.

బ్రీదర్ రబ్బరును వేళ్లతో నొక్కి చూడండి. గట్టిపడి నోరు తెరవకపోతే లోపలి ఒత్తిడి పోవడానికి దారి ఉండదు, ఎన్ని ప్యాకింగులు మార్చినా ప్రతి అతుకు నుంచీ ఆయిలు కారుతుంది. బుల్లెట్ కారడం సహజం అనే మాటకు సగం కారణం ఈ చిన్న రబ్బరు ముక్కే.

స్పార్కు

పాయింట్ల (స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే స్విచ్చు) గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. ముందు గ్యాపు పెట్టుకుని తర్వాతే టైమింగ్ చూడాలి. గ్యాపు మారితే టైమింగ్ మారుతుంది. ఆటో అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ స్పార్కును ముందుకు జరిపే బరువులు) పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు, పిస్టన్ పై చివరకు 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడిపోవాలి. ప్లగ్గు రంధ్రం ఏటవాలు, అందులోంచి పుల్ల పెట్టి కొలిస్తే లెక్క తప్పుతుంది. హెడ్డు ఎక్కించకముందే డయల్ గేజితో ఆ చోటు పట్టుకుని, క్రాంకుకు తగిలించిన డిగ్రీ చక్రం మీద గుర్తు పెట్టుకుంటే తర్వాత ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. పాయింట్లు విడిపోయే క్షణం తెలియడానికి పాయింట్ల వైరుకూ బాడీకీ మధ్య 6 వోల్టుల బల్బు, విడిపోగానే వెలుగుతుంది.

అడ్వాన్స్ బరువుల స్ప్రింగులు సాగిపోయి ఉంటే టైమింగ్ ఎంత సరిగ్గా పెట్టినా కిక్కు వెనక్కి తంతుంది, కాలికి గట్టి దెబ్బే. బరువుల్ని చేత్తో తెరిచి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. కండెన్సర్ చెడితే పాయింట్ల మధ్య పసుప్పచ్చ మెరుపు కనిపిస్తుంది. చల్లగా స్టార్ట్ అయ్యే బండి వేడెక్కాక దగ్గి ఆగిపోతుంది.

కార్బొరేటరు గురించి పెద్దగా లేదు: పైలట్ జెట్టు ఎదురు వెలుతురులో చూస్తే గుండ్రటి రంధ్రం కనిపించాలి, నీడిల్ క్లిప్పు మధ్య గాడిలో, గాలి స్క్రూ పూర్తిగా మూసి చుట్టున్నర తెరిచి మొదలు.

మొదటి కిక్కు

20డబ్ల్యూ50 ఆయిలు డిప్‌స్టిక్ గుర్తు దాకా పోశాం. రాకర్ల గదుల్లో, ట్యాపెట్ గదిలో విడిగా కాస్త. ప్లగ్గు తీసి, టాప్ గేరులో వెనక చక్రం తిప్పుతూ, హెడ్డు దగ్గర రాకరు పైపు బాంజో బోల్టు (పైపును పట్టి ఉంచే బోలు బోల్టు) వదులు చేసి చూడటం. అక్కడ ఆయిలు ఊరేదాకా ప్లగ్గు ముట్టుకోలేదు. పంపులు చాలా నెమ్మదిగా తిరుగుతాయి, ఓపిక కావాలి. ఎంత తిప్పినా ఊరకపోతే పంపు మూత తీసి డిస్కు కింద ఆయిలు నింపి మళ్లీ చూడాలి.

ప్లగ్గు గ్యాపు అర మి.మీ. దగ్గర పెట్టి బిగించాక, క్లచ్ పట్టి రెండు సార్లు కిక్కు నొక్కితే అతుక్కున్న ప్లేట్లు విడిపోతాయి. తర్వాత తాళం వేసి, గట్టిగా తగిలేదాకా కిక్కు నెమ్మదిగా దించి, డీకంప్రెషర్ లాగి, అమ్మీటరు ముల్లు కదిలి పిస్టన్ పై చివర దాటేంత కొద్దిగా నెట్టి, డీకంప్రెషర్ వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఆపకుండా చివరిదాకా తొక్కాలి. సగం తొక్కుడే వెనక్కి తన్నిస్తుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు యాక్సిలరేటర్ దాదాపు మూసే ఉండాలి.

మోగగానే మొదట చూడాల్సింది సైలెన్సరు కాదు, టైమింగ్ కవరు. ఫీడ్ ప్లగ్గును కాస్త వదులు చేస్తే ఆయిలు బయటికి ఊరాలి. నిమిషంలో ఊరకపోతే ఇంజిన్ ఆపేయడమే. రాకరు బాంజో దగ్గర కూడా చూడాలి, కానీ అక్కడ చిమ్ముతుందని ఆశించొద్దు, మెల్లగా తడి తేలితే చాలు. ఐడ్లింగ్‌కు కొంచెం పైన, ముందు ఒక ఫ్యాన్ పెట్టి మూడు నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ కొంచెం ఎక్కువసేపు. గాలి తగలకుండా చాలాసేపు ఐడ్లింగ్‌లో వదిలితే ఇనుప బ్యారెల్ అనవసరంగా కాగుతుంది, రింగులూ కుదురుకోవు.

మొదట్లో నీలి పొగ వచ్చింది, కూర్చేటప్పుడు పూసిన ఆయిలు కాలేదాకా రావాల్సిందే. రెండో విడతకు తగ్గింది. తగ్గకుండా దట్టంగా వస్తూ ఉంటే రింగుల్ని తిట్టే ముందు క్రాంక్‌కేసు డ్రెయిన్ తీయాలి. అక్కణ్ణుంచి ఆయిలు ధారగా వస్తే రిటర్న్ పంపు ఎత్తడం లేదని తేలినట్టే.

చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగించాం, దాంతో ట్యాపెట్లు బిగుసుకున్నాయి, కొత్త గ్యాస్కెట్ అణిగినప్పుడు అంతే. వాటిని తిరిగి సర్దాక చప్పుడు సమంగా ఉంది. ప్రస్తుతం టైమింగ్ కవరు కింది స్క్రూ దగ్గర చిన్న తడి మిగిలింది; ఆ స్క్రూ మర అరిగింది, ఇన్‌సర్ట్ వేయాలి. రోడ్డెక్కాక మొదటి ఆయిలు మార్పు 100 కి.మీ.కు, తర్వాతది 500కు, రెండుసార్లూ ఫిల్టరు గది నింపి మూయాలి. అప్పటిదాకా పూర్తి యాక్సిలరేటర్ లేదు, పెద్ద గేరులో లాగించడమూ లేదు.