వార్డు కిటికీకి అంటించిన టేపు

పోయిన నెల మా మెడికల్ వార్డులో ఒక పెద్దాయన చేరారు. షుగరు, జ్వరం, ఆయాసం. ఆరు మంచాల ఏసీ గదిలో మూడు రోజులు ఉన్నారు. నాలుగో రోజు పొద్దున నేను షుగరు చూస్తుంటే ఆయన భార్య మెల్లగా, "ఈ దగ్గు సంక్రాంతికి ముందు నుంచీ ఉందమ్మా" అన్నారు. అప్పటికి ఉగాది కూడా అయిపోయింది. అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవారు, మా అడ్మిషన్ కాగితంలో దగ్గు ఎన్నాళ్ల నుంచి అనే ప్రశ్నే లేదు. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలని మాకందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం తెమడను ట్రూనాట్ అనే టీబీ పరీక్షకు పంపితే సాయంత్రానికి టీబీ అని వచ్చింది.

నిజం చెప్పాలంటే ఆయన గురించి కన్నా ఆ గదిలోని మిగతా ఐదుగురి గురించే నాకు టెన్షన్. ఆయనకు మందు మొదలైంది, మామూలు టీబీ అయితే కొన్ని వారాల్లోనే ఇంకొకరికి అంటించే గుణం చాలావరకు పోతుంది. ఆసుపత్రిలో భయపడాల్సింది ఇంకా పేరు పెట్టని దగ్గుకే.

నాకెందుకింత పట్టింపు అంటే, ఎనిమిదేళ్ల కిందట నాకూ వచ్చింది. ఊపిరితిత్తి పొరలో నీరు చేరి, పక్కకు తిరిగితే సూది గుచ్చినట్టు నొప్పి. ఆరు నెలలు మందులు వాడాను. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే, అది ఆ మందు వల్లేనని తెలిసి కూడా గుండె ఝల్లుమంది. వార్డులోనే అంటిందని రుజువు చూపలేను, కానీ అప్పట్లో నేను పనిచేసిన చోట ఎన్-95 మాస్కులు బీరువాలో తాళం వేసి ఉండేవి. నా కేసు నమోదైంది గానీ, అదే వార్డులో ఇంకెంతమంది స్టాఫ్‌కు వచ్చిందో ఎవరూ లెక్క రాయలేదు.

ఇంట్లో మా అత్తయ్య నా కంచం, గ్లాసు వేరు పెట్టారు. చాలామంది అలాగే అనుకుంటారు, ఆవిడనేం అనను. కానీ టీబీ వచ్చేది గాలి ద్వారా. దగ్గినప్పుడు పెద్ద తుంపరలు కింద పడిపోతాయి, తడి ఆరి మిగిలిన సన్నటి కణాలు మాత్రం మూసిన గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటాయి, దగ్గిన మనిషి లేచి వెళ్లిపోయినా సరే. 1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ అనే డాక్టరు టీబీ వార్డు గాలిని గొట్టాల గుండా పైన ఉంచిన గినీ పిగ్స్ దగ్గరికి పంపిస్తే, ఏ పేషెంటు దగ్గరికీ వెళ్లని ఆ జీవాలకు టీబీ వచ్చింది.

మా గదిలో గాలి ఎటు పోతోందో చూద్దామని, అందరినీ వేరే గదికి మార్చాక, ఒక అగరబత్తి వెలిగించాను (ఆక్సిజన్ పెట్టిన గదిలో మాత్రం ఈ పని చేయకండి). పొగ నిట్టనిలువుగా లేచి, ఏసీ దాకా వెళ్లి, మళ్లీ మంచాల మీదికే దిగింది. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరిచి తిప్పుతుంది కదా. కిటికీలకేమో చల్లదనం పోకుండా గోధుమరంగు టేపు. దాన్ని పీకి రెండు రెక్కలూ తీశాను. పొగ పక్కకు వాలి, సన్నటి గీతలా బయటికి వెళ్లిపోయింది.

పెరూలోని లిమాలో పరిశోధకులు ఆసుపత్రి గదుల గాలి కొలిచి చూసి 2007లో రాశారు, ఎత్తు కప్పులు, పెద్ద కిటికీలు ఉన్న పాత వార్డుల్లో గాలి గంటకు 40 సార్లు మారితే, కొత్త గదుల్లో కిటికీలు తీసినా 17 సార్లేనట. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం కట్టినవాళ్లకు గాలీ వెలుతురూ ఎంత ముఖ్యమో వందేళ్ల కిందటే తెలుసు. గాలిని పట్టించుకోకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలోని టుగెలా ఫెర్రీలో చూశారు, 2005-06లో అక్కడ దాదాపు ఏ మందుకూ లొంగని టీబీ బయటపడ్డ 53 మందిలో 52 మంది చనిపోయారు. వాళ్లలో హెచ్ఐవీ కూడా ఉన్నవాళ్లే ఎక్కువ. చాలామంది అంతకుముందు ఆసుపత్రిలో చేరి వెళ్లినవాళ్లే.

ఇక నమోదు సంగతి. "మా పేరు ఎక్కించకమ్మా, చిన్నదానికి సంబంధాలు చూస్తున్నాం" అని ఆ పెద్దాయన భార్య నా చెయ్యి పట్టుకున్నారు. కూర్చోబెట్టి చెప్పాను. ఇది పోలీసు కేసు కాదమ్మా, ఊళ్లో ఎవరూ దండోరా వేయరు, నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ జాబితాలో పేరుంటే మందులు ఉచితం, నెలకు వెయ్యి రూపాయలు తిండికి బ్యాంకులో వేస్తారు, మీకూ మీ అమ్మాయికీ పరీక్ష చేసి, అవసరమైతే జబ్బు రాకుండా మందిస్తారు అని. కాసేపాగి ఆధార్ కార్డు తీసిచ్చారు.

పేషెంటు కన్నా ఎక్కువ జంకేది కొందరు యజమానులు, ఆసుపత్రికి చెడ్డపేరు వస్తుందని. 2012 నుంచి ప్రైవేటు ఆసుపత్రి అయినా ప్రతి టీబీ కేసూ ప్రభుత్వానికి చెప్పి తీరాలి, 2018 నుంచి చెప్పకపోతే శిక్ష కూడా ఉంది, ల్యాబులూ మందుల షాపులూ కూడా అందులోకే వస్తాయి. అయినా పక్క మంచంలో పడుకున్నవాళ్ల సంగతి మనం చెబితే తప్ప ప్రభుత్వ టీబీ యూనిట్ వాళ్లకు ఎలా తెలుస్తుంది? అందుకే అడ్మిషన్ రిజిస్టరు ముందేసుకుని ఆ ఐదుగురి నంబర్లూ, వాళ్ల వెంట రాత్రుళ్లు పడుకున్నవాళ్ల పేర్లూ రాశాను. ఇద్దరు ఇంకా వార్డులోనే ఉన్నారు. డిశ్చార్జ్ అయిన ముగ్గురిలో ఇద్దరు ఫోనెత్తారు, ఒకాయన కోప్పడ్డా చివరికి ఎక్స్‌రేకు వస్తానన్నారు. మూడో నంబరు స్విచాఫ్ వస్తోంది, చిరునామా మా ఆశా కార్యకర్తకు ఇచ్చాను.