రాళ్లతోనే ఇంటికొచ్చాను

వాము నమిలాను, సోడా తాగాను, గ్యాస్ మాత్ర వేసుకున్నాను. రాత్రి రెండింటికి నొప్పి పొట్ట పైభాగం నుంచి వీపులోకి పొడుచుకుపోతుంటే ముందుకు వంగి కూర్చోవడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాను. మా అత్తయ్య మాత్రం "సాయంత్రం తిన్న బజ్జీలే" అని తీర్పు చెప్పేసింది.

పొద్దున్నే తెనాలిలో రక్తపరీక్ష చేయించాం. క్లోమం తయారుచేసే లైపేజ్ అనే ఎంజైమ్ రక్తంలో ఉండాల్సినదానికి మూడు రెట్లు దాటి, ఇలాంటి నొప్పి కూడా ఉంటే పాంక్రియాటైటిస్ అంటారట, అంటే క్లోమం వాపు. నాది మూడు రెట్లు ఎప్పుడో దాటింది. స్కానింగులో గాల్‌బ్లాడర్ నిండా చిన్న చిన్న రాళ్లు. వాటిలో ఒకటి జారి, పైత్యనాళమూ క్లోమనాళమూ పేగులోకి తెరుచుకునే చోట అడ్డం పడిందన్నారు. ఇలా జారేవి ఎక్కువగా చిన్న రాళ్లేనట.

నాలుగు రోజుల్లో నొప్పి తగ్గింది. "నెల తర్వాత రండమ్మా, ఆపరేషన్ చేద్దాం. అందాకా నూనె తగ్గించండి" అని పంపేశారు. నాకూ హాయిగానే అనిపించింది. కోత వాయిదా పడిందంటే ఎవరికి చేదు? పైగా మా బడిలో పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి.

పంతొమ్మిదో రోజు మళ్లీ అదే నొప్పి. ముందురోజు రాత్రి నేను తిన్నది పెరుగన్నం!

ఈసారి గుంటూరు వెళ్లాం. అక్కడి సర్జన్ గారు ఫైలు తిరగేసి, "వాపు తగ్గింది సరే, రాళ్లు అక్కడే ఉన్నాయి కదమ్మా" అన్నారు. నెదర్లాండ్స్‌లో 23 ఆసుపత్రులు కలిసి చేసిన పొంచో అనే అధ్యయనం గురించి ఆయనే చెప్పారు. అది 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వాపు తేలికగా ఉన్నవాళ్లలో సగం మందికి డిశ్చార్జ్ చేయకుండానే గాల్‌బ్లాడర్ తీసేశారు. మిగతావాళ్లను ఇంటికి పంపి, 25–30 రోజుల తర్వాత తీశారు. ఆరు నెలల్లో రాళ్ల వల్ల మళ్లీ ఆసుపత్రి పాలవడమో, ప్రాణం పోవడమో జరిగింది ఆగినవాళ్లలో 17 శాతం మందికి, వెంటనే చేయించుకున్నవాళ్లలో 5 శాతం మందికి. వాపు తీవ్రంగా ఉంటే మాత్రం ఆగాల్సిందేనన్నారు. నాది రెండుసార్లూ తేలికదే.

సెలైన్ దగ్గర మా ఆయనకు టెన్షన్. "ఇంత నెమ్మదిగా ఎక్కుతోందేంటి?" అని నర్సును రెండుసార్లు అడిగారు. మనవాళ్లకు సీసాలు ఎన్ని ఎక్కితే వైద్యం అంత గట్టిగా జరిగినట్టు. అదీ తేల్చేశారట. 2022లో వచ్చిన వాటర్‌ఫాల్ అధ్యయనంలో మన దేశపు రోగులు కూడా ఉన్నారు. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవాన్ని గబగబా ఎక్కించినవాళ్లలో 20.5 శాతం మందికి ఒంట్లో నీరు ఎక్కువైపోయింది, నిదానంగా ఎక్కించినవాళ్లలో 6.3 శాతం మందికే. గబగబా ఎక్కించినందువల్ల ప్రయోజనమూ కనిపించకపోవడంతో ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

మూడో రోజు ల్యాపరోస్కోపీ చేశారు. పొట్టకు నాలుగు చిల్లులు. వాటికంటే కుడి భుజం నొప్పి ఎక్కువ బాధపెట్టింది, పొట్టలోకి ఊదిన గ్యాస్ వల్లట. నూనె వంట తింటే కొన్నాళ్లు విరేచనాలయ్యేవి, తర్వాత సర్దుకుంది. రాళ్లు డబ్బాలో వేసిచ్చారు. అత్తయ్య వెలుతురుకు పెట్టి చూసి, "ఇవి కందిబద్దల్లా ఉన్నాయే" అంది.

మూడో వారం బడికెళ్లాను. పదో తరగతి గదులకు తాళాలు వేసున్నాయి. పరీక్షలు అయిపోయాయి.