ఎస్‌ఏఏ-సీ03 రాయబోయే తిరుపతి, చిత్తూరు మిత్రులకు

అమెజాన్ క్లౌడ్ సర్వీస్ ఏడబ్ల్యూఎస్ పెట్టే సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షకు 2022 ఆగస్టు 30 నుంచి నడుస్తున్న కోడ్ ఎస్‌ఏఏ-సీ03. 130 నిమిషాల్లో 65 ప్రశ్నలు. వాటిలో 50కే మార్కులు. మిగతా 15 వాళ్లు కొత్త ప్రశ్నలను పరీక్షించుకోవడానికి కలిపినవి, అవి ఏవో మనకు కనిపించదు. 100 నుంచి 1000 దాకా ఉండే స్కేల్‌లో 720 వస్తే పాస్. విభాగాల వారీగా విడిగా పాస్ కానక్కర్లేదు, మొత్తం స్కోరే చూస్తారు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. ఫీజు 150 డాలర్లు, పన్ను అదనం.

సిలబస్‌లో భద్రతకు 30 శాతం, అంతరాయం లేకుండా నడిచే డిజైన్లకు 26, పనితీరుకు 24, ఖర్చు తగ్గింపుకు 20. ఈ అంకెలు చూసి నాలుగు పుస్తకాలు విడివిడిగా చదవాలనుకోకండి. ఒకే ప్రశ్నలో ఈ నాలుగూ కలిసి వస్తాయి. పరీక్ష అడిగేది ఒక్కటే: నాలుగు పద్ధతులూ పనిచేసేలాగే కనిపిస్తున్నప్పుడు, ఇచ్చిన షరతుకు ఏది సరిపోతుంది? ప్రిపరేషన్ అంతా ఆ షరతును పట్టుకునే అలవాటు చేసుకోవడమే.

పరీక్ష తెలుగులో లేదు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు సర్వీసుల కంటే ఆ పొడవాటి ఇంగ్లిష్ పేరాలే ఎక్కువ టైమ్ తింటాయి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు 30 నిమిషాలు అదనంగా ఇస్తారు. సర్టిఫికేషన్ ఖాతాలో ఎగ్జామ్ అకామొడేషన్స్ అనే చోట ఈఎస్‌ఎల్ ప్లస్ 30 అని ఉంటుంది. స్లాట్ బుక్ చేసే ముందే అడగాలి. బుక్ చేశాక అడిగితే ఆ బుకింగ్‌కు వర్తించదు. ఒకసారి మంజూరైతే తర్వాత రాసే పరీక్షలకూ అదే ఉంటుంది. ప్రశ్నకు సరిగ్గా 2 నిమిషాలు ఉన్నది దాదాపు రెండున్నర నిమిషాలు అవుతుంది. చివర్లో మార్క్ చేసుకున్న ప్రశ్నలు మళ్లీ చూసుకోవడానికి ఇదే ఆధారం. ఇది తెలియక వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు, మీ స్నేహితులకు కూడా చెప్పండి.

ప్రాక్టీసుకు ఖాతా తెరిచేవాళ్లకు ఒక హెచ్చరిక. పాత వీడియోలలో చెప్పే 12 నెలల ఉచితం ఇప్పుడు కొత్తవాళ్లకు లేదు. 2025 జూలై 15 తర్వాత తెరిచిన ఖాతాలకు మొదట 100 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. ఈసీ2 (అద్దె సర్వర్), ఆర్‌డీఎస్ (డేటాబేస్), లాంబ్డా (సర్వర్ మనం చూసుకోకుండా కోడ్ నడిపేది), బడ్జెట్ (ఖర్చు హద్దు) లాంటివి ఒక్కోటి పెట్టి చూస్తే మరో 100 దాకా వస్తుంది. ఫ్రీ ప్లాన్ 6 నెలలు, లేదా క్రెడిట్ అయిపోయేదాకా. ఖాతా తెరిచిన రోజే రూట్ యూజర్‌కు (ఖాతా యజమాని లాగిన్) ఎంఎఫ్ఏ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ, పెట్టి, రోజువారీ పనికి వేరే యూజర్ చేసుకోండి. ఆ వెంటనే బడ్జెట్ అలర్ట్ పెట్టండి. అయితే అలర్ట్ వచ్చేది గంటల ఆలస్యంతో, పైగా అది చెబుతుందే గానీ దేన్నీ ఆపదు. ఆపాల్సింది మీరే.

చదివే సమయంలో సగం వీపీసీకి (ఏడబ్ల్యూఎస్‌లో మనకంటూ ఉండే ప్రైవేట్ నెట్‌వర్క్), దాని చుట్టూ ఉన్నవాటికి పెట్టండి. ఇది చేత్తో కట్టి, చేత్తో విరగ్గొట్టి చూడాల్సిన విషయం. వీడియో చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, ప్రశ్న ముందుకొచ్చేసరికి చేయి ఆడదు.

ముంబై రీజియన్ గానీ హైదరాబాద్ రీజియన్ గానీ ఎంచుకోండి. 10.0.0.0/16 అడ్రసుల శ్రేణితో వీపీసీ చేయండి. విజార్డ్ వాడకండి, ఒక్కో ముక్కా మీరే పెట్టండి. రెండు జోన్లలో (రీజియన్‌లో విడివిడిగా ఉండే డేటా సెంటర్లు) పబ్లిక్ సబ్‌నెట్లు, అంటే వీపీసీలోని చిన్న ముక్కలు, 10.0.1.0/24, 10.0.2.0/24. ప్రైవేట్ సబ్‌నెట్లు 10.0.11.0/24, 10.0.12.0/24. ఒక్కో దాంట్లో 256 కాకుండా 251 అడ్రసులే చూపిస్తుంది, ఎందుకంటే ప్రతి సబ్‌నెట్‌లో 5 అడ్రసులు ఏడబ్ల్యూఎస్ తీసుకుంటుంది. అతి చిన్న సబ్‌నెట్ /28లో 16కు 11 మాత్రమే మిగులుతాయి. ఇంటర్నెట్ గేట్‌వే తగిలించి, కొత్త రూట్ టేబుల్‌లో (ట్రాఫిక్ ఎటు వెళ్లాలో చెప్పే పట్టిక) 0.0.0.0/0ను దానికి చూపించి, ఆ టేబుల్‌ను పబ్లిక్ సబ్‌నెట్లకు అతికించండి. సబ్‌నెట్‌ను పబ్లిక్ చేసేది ఈ రూటే, పేరు కాదు.

ఇప్పుడు ప్రైవేట్ సబ్‌నెట్‌లో అమెజాన్ లినక్స్ 2023తో ఒక ఈసీ2 పెట్టండి. దానికి అమెజాన్ ఎస్‌ఎస్‌ఎం మేనేజ్డ్ ఇన్‌స్టన్స్ కోర్ పాలసీ ఉన్న రోల్ (మెషీన్‌కు ఇచ్చే అనుమతులు) ఇవ్వండి. సెషన్ మేనేజర్‌తో (బ్రౌజర్ నుంచే మెషీన్‌లోకి వెళ్లే సాధనం) లోపలికి వెళ్లబోతే వెళ్లలేరు. ఏజెంట్ ఉంది, రోల్ ఉంది, కానీ మెషీన్‌కు బయటికి దారి లేదు. నాట్ గేట్‌వేను (ప్రైవేట్ మెషీన్లను బయటికి పంపుతుంది, బయటివాళ్లను లోపలికి రానివ్వదు) పబ్లిక్ సబ్‌నెట్‌లో పెట్టి, ప్రైవేట్ రూట్ టేబుల్‌లో 0.0.0.0/0ను దానికి చూపించండి. కొన్ని నిమిషాల్లో మెషీన్ జాబితాలోకి వస్తుంది. నాట్‌ను ప్రైవేట్ సబ్‌నెట్‌లోనే పెట్టేయడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. దానికే బయటికి దారి లేకపోతే ఇతరులకు ఏం చూపిస్తుంది? పరీక్షలో తప్పుడు ఆప్షన్‌గా కూడా ఇదే పెడతారు. ఒక జోన్ పడిపోయినా నడవాలి అని షరతు ఉంటే జోన్‌కొక నాట్ ఉన్న జవాబు వెతకండి.

తర్వాత విరగ్గొట్టండి. పబ్లిక్ మెషీన్‌లో వెబ్ సర్వర్ నడుపుతూ నెట్‌వర్క్ ఏసీఎల్‌లో (సబ్‌నెట్ సరిహద్దు దగ్గరి కాపలా) ఇన్‌బౌండ్ 80 మాత్రం ఉంచి, ఔట్‌బౌండ్ అంతా తీసేయండి. పేజీ తెరుచుకోదు. మెషీన్ దగ్గరి కాపలా అయిన సెక్యూరిటీ గ్రూప్‌కు వచ్చిన కనెక్షన్ గుర్తుంటుంది, తిరుగు జవాబును అదే వదులుతుంది. ఏసీఎల్‌కు ఆ జ్ఞాపకం లేదు. తిరుగు జవాబు వెళ్లడానికి 1024 నుంచి 65535 దాకా పోర్టులు ఔట్‌బౌండ్‌లో తెరవాలి. ఫలానా ఐపీని అడ్డుకోవాలి అంటే ఏసీఎలే, ఎందుకంటే సెక్యూరిటీ గ్రూప్‌లో డినై రూల్ ఉండదు. ఇంకో చిట్కా: బ్రౌజర్ చాలాసేపు తిరిగి టైమవుట్ అయితే దారిలో ఏదో అడ్డుకుంటోంది. వెంటనే కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే దారి బాగానే ఉంది, సర్వర్ ప్రోగ్రామే నడవడం లేదు.

చివరగా ఎస్3కి (ఫైళ్లు దాచే సర్వీస్) గేట్‌వే ఎండ్‌పాయింట్, అంటే ఇంటర్నెట్‌కు వెళ్లకుండా ఆ సర్వీసుకు నేరుగా దారి, పెట్టి రూట్ టేబుల్‌లో కొత్తగా చేరిన వరుస చూడండి. ఇక ఎస్3 ట్రాఫిక్ నాట్ గుండా వెళ్లదు, ఆ జీబీల లెక్కన పడే ఛార్జీ తప్పుతుంది. గేట్‌వే ఎండ్‌పాయింట్లు ఎస్3కి, డైనమోడీబీ డేటాబేస్‌కు మాత్రమే, అవి ఉచితం. మిగతా సర్వీసులకు వాడే ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్లకు గంటల లెక్కన డబ్బు కట్టాలి. నాట్ బిల్లు తగ్గించమనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇక్కడే ఉంటుంది.

ల్యాబ్ అయ్యాక నాట్ గేట్‌వే తీసేయడం మరిచిపోకండి. యూఎస్ ఈస్ట్ ధర గంటకు 0.045 డాలర్లు అనుకున్నా నెలకు 32 డాలర్లు దాటుతుంది. ముంబైలో ఇంకొంచెం ఎక్కువే. నాట్ తీసేసినా దాని ఎలాస్టిక్ ఐపీ (దానికి కేటాయించిన పబ్లిక్ అడ్రస్) ఖాతాలోనే ఉండిపోతుంది, దాన్ని విడిగా రిలీజ్ చేయాలి. 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకూ, వాడుతున్నా వాడకపోయినా, గంటకు 0.005 డాలర్లు పడుతుంది.

ఇక ప్రశ్న చదివే పద్ధతి. మనకు తెలిసిన పరిస్థితితోనే ఒక ప్రశ్న కట్టి చూద్దాం. (టీటీడీ సైట్ లోపల ఎలా కట్టారన్నది ఇక్కడి విషయం కాదు.) ఒక దేవస్థానం దర్శనం టికెట్లను ముందే ప్రకటించిన రోజు ఉదయం 10 గంటలకు విడుదల చేస్తుంది. మిగతా రోజుల్లో రద్దీ తక్కువ. 10 దాటిన మొదటి నిమిషాల్లో సైట్ నెమ్మదిస్తోంది, కొన్ని బుకింగులు మధ్యలో పోతున్నాయి. ఖర్చు తక్కువగా ఉండాలి. ఆప్షన్లు: సీపీయూ 60 శాతం మీద టార్గెట్ ట్రాకింగ్ (వాడకం ఆ హద్దు దాటితే మెషీన్లు పెంచడం), నెలంతా పెద్ద మెషీన్లు, రిజర్వ్‌డ్ ఇన్‌స్టన్సులు (దీర్ఘకాలానికి ముందే ఒప్పుకుని తీసుకునే మెషీన్లు), 9:45కు షెడ్యూల్డ్ స్కేలింగ్‌తో (చెప్పిన వేళకు మెషీన్లు పెంచడం) పాటు బుకింగులను ఎస్‌క్యూఎస్ (మెసేజ్‌లను ఆపి ఉంచే సర్వీస్) క్యూలో పెట్టడం.

టార్గెట్ ట్రాకింగ్ మంచిదే, చాలా ప్రశ్నలకు అదే జవాబు. ఇక్కడ మాత్రం సీపీయూ పెరగాలి, అలారం మోగాలి, కొత్త మెషీన్ లేవాలి. అంతలో టికెట్లు అయిపోతాయి. రద్దీ ఎప్పుడొస్తుందో ముందే తెలుసు అన్నదే ప్రశ్నలోని కీలకం, అందుకే షెడ్యూల్డ్. నెలంతా పెద్ద మెషీన్లు, రిజర్వ్‌డ్ రెండూ ఖర్చు షరతు దగ్గరే పోతాయి. బుకింగులు పోతున్నాయి అన్న మాటకు క్యూ జవాబు.

అదే ప్రశ్నను ఇంకో మెట్టు ఎక్కించి, ఒకే బుకింగ్ రెండుసార్లు నమోదవుతోంది, ఎందుకు అని అడగవచ్చు. మామూలు ఎస్‌క్యూఎస్ ఒక మెసేజ్‌ను ఒకటికి రెండుసార్లు ఇచ్చే అవకాశం ఉంది. అంతకంటే మామూలుగా జరిగేది విజిబిలిటీ టైమవుట్ (ఒక వర్కర్ తీసుకున్న మెసేజ్ మిగతావాళ్లకు కనిపించకుండా ఉండే కాలం) చాలకపోవడం. ముందుగా ఉండే విలువ 30 సెకన్లు. ప్రాసెసింగ్‌కు 50 సెకన్లు పడితే 30 దాటగానే మెసేజ్ మళ్లీ బయటికొచ్చి ఇంకో వర్కర్ చేతికి చిక్కుతుంది. గరిష్ఠం 12 గంటలు. లాంబ్డాతో వాడితే ఫంక్షన్ టైమవుట్‌కు 6 రెట్లు పెట్టమని ఏడబ్ల్యూఎస్ సలహా. వరుస తప్పకూడదు, డూప్లికేట్ ఉండకూడదు అంటే ముందు వచ్చింది ముందు వెళ్లే ఫిఫో క్యూ.

స్టోరేజ్ ప్రశ్నలకు చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీని ఊహించుకోండి. సీజన్‌లో లారీల తూకం రసీదులు, ఫోటోలు ఎస్3లో పడతాయి. 90 రోజులయ్యాక ఎవరూ చూడరు, కానీ 7 ఏళ్లు ఉంచాలి. ఆడిటర్ అడిగితే 12 గంటల్లో ఇస్తే చాలు. లైఫ్‌సైకిల్ రూల్‌తో (వయసును బట్టి ఫైళ్లను చవక స్టోరేజ్‌కు జరిపేది) గ్లేసియర్ డీప్ ఆర్కైవ్. అదే ఆడిటర్‌కు అడిగిన క్షణంలో కావాలంటే గ్లేసియర్ ఇన్‌స్టంట్ రిట్రీవల్. ఎప్పుడు చూస్తారో తెలియదంటే ఇంటెలిజెంట్ టియరింగ్. ఒక్క మాట మారితే జవాబు మారిపోయింది, చూశారా! కనీస కాలాలు (ముందే తీసేసినా అన్ని రోజులకూ ఛార్జీ పడేవి) కూడా గుర్తుండాలి: అరుదుగా చూసే ఫైళ్లకు వాడే స్టాండర్డ్ ఐఏకి 30 రోజులు, గ్లేసియర్ ఇన్‌స్టంట్, ఫ్లెక్సిబుల్ రెండింటికీ 90, డీప్ ఆర్కైవ్‌కు 180. ఐఏలో 128 కేబీ కంటే చిన్న ఫైలుకు కూడా 128 కేబీ లెక్కే కడతారు, కాబట్టి చిన్న చిన్న రసీదు ఫైళ్లను అక్కడికి తోస్తే ఆదా రాదు.

అందుకే చివరి వాక్యం ముందు చదవండి. లీస్ట్ ఆపరేషనల్ ఓవర్‌హెడ్ (నిర్వహణ చాకిరీ అతి తక్కువ) అని ఉంటే ఈసీ2 మీద మనమే నడుపుకునే ఆప్షన్లు దాదాపుగా పక్కకు పోతాయి. మోస్ట్ కాస్ట్ ఎఫెక్టివ్ అంటే కొంచెం చాకిరీ ఎక్కువైనా చవకది. మధ్యలో ఆగినా ఫర్వాలేని పని అంటే స్పాట్ (ఖాళీగా ఉన్న మెషీన్లను చవకగా ఇచ్చేది), అది 2 నిమిషాల నోటీసుతో వెళ్లిపోతుంది. 15 నిమిషాలు దాటే పని అంటే లాంబ్డాను కొట్టేయండి. రిపోర్టుల వల్ల డేటాబేస్ నెమ్మదిస్తోంది అంటే రీడ్ రెప్లికా (చదవడానికే వాడే కాపీ). డేటాబేస్ పడిపోయినా నడవాలి అంటే మల్టీ ఏజెడ్ (ఇంకో జోన్‌లో స్టాండ్‌బై కాపీ ఉంచడం). మామూలు ఆర్‌డీఎస్ మల్టీ ఏజెడ్‌లో స్టాండ్‌బై నుంచి చదవడం కుదరదు, చాలామంది జారిపడేది అక్కడే.

డేటా తరలింపు ప్రశ్నకు లెక్క వేయడం నేర్చుకోండి. 100 టీబీని 1 జీబీపీఎస్ లైన్ పూర్తిగా వాడుకున్నా 9 రోజులు దాటుతుంది, 100 ఎంబీపీఎస్ మీద 92 రోజులు. వారంలో కావాలి అని ప్రశ్నలో ఉంటే లైన్ మీద పంపే ఆప్షన్లు లెక్కతోనే పోతాయి.

ప్రాక్టీస్ టెస్టులకు ముందు ఏడబ్ల్యూఎస్ శిక్షణ సైట్ స్కిల్ బిల్డర్‌లో ఉచితంగా ఉన్న 20 అధికారిక ప్రశ్నలు చేయండి, అసలు పరీక్ష మాటతీరు తెలుస్తుంది. తర్వాత ఏ సెట్ కొన్నా, తప్పైన ప్రశ్నకు మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో నోట్‌బుక్‌లో ఒక్కో వాక్యం రాయాలి. స్కోరు పెరిగేది ఇక్కడే. మొదటిసారి చూస్తున్న ప్రశ్నల మీద 80 శాతం నిలకడగా వస్తుంటే స్లాట్ తీసుకోవచ్చు. డంప్స్ (లీకైన పరీక్ష ప్రశ్నల సెట్లు) జోలికి పోకండి. అవి పరీక్ష నియమాలకు విరుద్ధం, జవాబులు కూడా నమ్మదగ్గవి కావు.

బుకింగ్‌లో మన ప్రాంతం వాళ్లకు మొదటి చిక్కు పేరు. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, ఖాతాలో ఇంకోలా ఉంటుంది. చూపించబోయే ఐడీలో ఎలా ఉందో ఖాతాలోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ఏ ఐడీలు ఒప్పుకుంటారో పరీక్ష నిర్వహించే పియర్సన్ వ్యూ జాబితాలో చూసి, బుకింగ్‌కు ముందే సరిచేయించుకోండి.

సెంటర్ కోసం 517501 లేదా 517001 పిన్‌కోడ్ వేసి వెతకండి. కావలసిన తేదీకి దగ్గర్లో స్లాట్ లేకపోతే తిరుపతి వాళ్లకు చెన్నై, చిత్తూరు వాళ్లకు చెన్నై గానీ బెంగళూరు గానీ. పొద్దున స్లాట్ అయితే ముందు రోజు సాయంత్రమే వెళ్లిపోవడం మేలు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో బస్సులు, రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, ఆ తేదీలు వదిలేయండి.

ఇంట్లోంచి రాసేవాళ్లు గది గురించి ఆలోచించాలి. హాస్టల్ షేరింగ్ రూమ్ పనికిరాదు, పరీక్ష మధ్యలో ఎవరైనా లోపలికొస్తే రద్దు చేయవచ్చు. గంగమ్మ జాతర వారంలో మైకుల పక్క వీధిలో కూర్చుని రాయాలనుకోవద్దు. ప్రశ్నను పైకి చదివినా, పెదాలు కదిపినా ప్రాక్టర్ (కెమెరాలో గమనించే పర్యవేక్షకుడు) హెచ్చరిస్తాడు. గొణుక్కుంటూ చదివే అలవాటున్నవాళ్లు మాక్ టెస్టుల్లోనే మానుకోవాలి. కాగితం, పెన్ను ఉండకూడదు, తెర మీది వైట్‌బోర్డే దిక్కు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్, ఫైర్‌వాల్ అడ్డుపడతాయి కాబట్టి సొంతది వాడండి. సిస్టమ్ టెస్ట్‌ను అదే గదిలో, అదే నెట్‌తో, పరీక్ష పెట్టుకున్న వేళకే చేసి చూడండి. కరెంటు పోతే రౌటర్ కూడా ఆగిపోతుంది, దానికీ ఇన్వర్టర్ కనెక్షన్ ఉందో లేదో చూసుకోండి. చెక్-ఇన్ 30 నిమిషాల ముందు తెరుచుకుంటుంది.

తేదీ మార్చుకోవాలంటే 24 గంటల ముందు దాకా వీలుంది, అదీ రెండుసార్లే. ఫలితం 5 పనిదినాల లోపు ఖాతాలోకి వస్తుంది. పోతే 14 రోజులు ఆగి మళ్లీ పూర్తి ఫీజు కట్టి రాయాలి. స్కోర్ రిపోర్టులో ఏ విభాగం బలహీనమో చూపిస్తుంది, ఆ 14 రోజులూ దాని మీదే పెట్టండి. పాసైతే సర్టిఫికెట్ 3 ఏళ్లు చెల్లుతుంది. ఖాతాలో బెనిఫిట్స్ కింద తర్వాతి పరీక్షకు 50 శాతం తగ్గింపు కోడ్ ఉంటుంది, గడువు చూసుకుని వాడుకోండి.